ఎదుటోని పనిని ఎట్ల తూచాల, మన పనికి మనం ఎట్ల నిలబడాల

రచ్చకట్ట మీద కూర్చున్నా, బస్టాండు కాడ టీ అంగట్లో నిలబడినా ఒకరి గురించి తీర్పు చెప్పడానికి మనకు అర నిమిషం చాలు. వాడు దుడ్డు టయానికి ఇయ్యలేదంటే వాడు అట్లాంటోడే, వాళ్ల నాయనా అంతే, అయిపోయింది. అదే మనం ఒకరికి టయానికి ఇయ్యలేకపోతే మాత్రం శెనక్కాయ బిల్లు రాలేదు, పాపకు జ్వరమొచ్చె, బ్యాంకులో రెన్యువల్ లేటాయె, ఇట్ల వరసగా కారణాలుంటాయి, అవన్నీ నిజమే కూడా. ఎదుటోనికి కూడా అన్ని కారణాలు ఉంటాయనేది మాత్రం మనకు తోచదు, ఎందుకంటే వాని ఇంట్లో జరిగేది మనకు కనపడదు, వాడు మాత్రం కనపడతాడు.

ఇది మన ఊర్ల జబ్బు ఒకటే కాదు. 1967లో అమెరికాలో జోన్స్, హారిస్ అనే ఇద్దరు సైకాలజిస్టులు స్టూడెంట్లకు కొన్ని వ్యాసాలు చదవమని ఇచ్చినారు, కొన్ని క్యూబా నాయకుడు కాస్ట్రోను పొగుడుతూ, కొన్ని తిడుతూ. రాసినోనికి ఏ పక్క రాయాల్నో ముందే ఆర్డర్ వేసి రాయించినారని చదివేవాళ్లకు చెప్పినా గూడా, పొగిడినోడు నిజంగానే కాస్ట్రో మనిషి అయ్యుంటాడనే వాళ్లు అనుకున్నారు. పదేళ్లకు, 1977లో, లీ రాస్ అనే ఆయన ఈ పొరపాటుకు ఒక పేరే పెట్టినాడు. చదువుకున్నోళ్లు, విషయం ముందే తెలిసినోళ్లు కూడా ఇందులో పడతారంటే, కోపంలో ఉండే మనం పడమా? అందుకే మంచితనం ఉంటే చాలదు, దీనికి ఒక పద్ధతి కావాల, ఆ పద్ధతి గురించే ఇది రాస్తున్నా.

మన పక్క బాగా జరిగే యవ్వారం ఒకటి పెట్టుకుందాం. అన్నదమ్ముల ఉమ్మడి బోరు, వంతు ప్రకారం నీళ్లు పారించుకుంటారు. తమ్ముని వంతు రోజు మోటరు కాలిపోయింది. అన్న అంటాడు వాడు కరెంటు రాంగానే మోటరు దానంతట అదే ఆన్ అయ్యే ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి పోయి పండుకున్నాడు, వానికి ఏం పట్టదు, రివైండింగ్ దుడ్డంతా వాడే పెట్టాల అని. తమ్ముడు అంటాడు కరెంటోళ్లు చేసిన పనికి నేనేం చేస్తా అని. సాయంత్రానికి ఆడోళ్ల దాకా పోతుంది, మాటలు నిలిచిపోతాయి, రెండు చేన్లూ ఎండుతాయి.

ఇట్లాంటప్పుడు మొదట చేయాల్సింది మనిషిని పక్కన పెట్టి జరిగిందేమో తేల్చుకోవడం. మోటరు పైకి తీసి మెకానిక్కు చూపియ్యండి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద లోడు పడి ఎక్కువ కరెంటు గుంజి వైండింగ్ కాలుతుంది, బోర్లో నీళ్లు తగ్గి డ్రై రన్ అయినా పాడైతుంది, రెండూ ఒకటి కాదు, కాలిన తీరు చూస్తే పనోడికి చాలా మటుకు తెలిసిపోతుంది. అది తెలియకుండా పెట్టే పంచాయితీలో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లు గెలుస్తారు.

తర్వాత అడగాల్సింది, ఆ టైంలో వానికి ఏం తెలుసు? ఇది చాలా ముఖ్యం అప్పా. ఇప్పుడు మనకు తెలిసింది కాదు, అప్పుడు వానికి తెలిసింది. ఫేజ్ సరిగ్గా రాలేదు జాగ్రత్త అని లైన్‌మన్ పొద్దున చెప్పిపోయింటే అది ఒక లెక్క, ఎవరూ చెప్పకుండా ఉన్నట్టుండి పోయింటే ఇంకో లెక్క. ఫేజు పోతే మోటరును ఆపేసే ప్రివెంటర్ పెట్టిద్దాంరా అని అన్న పోయినేడే అడిగితే తమ్ముడు దుడ్లు దండగ అనింటే అది మళ్లా వేరే. అదే ప్రివెంటర్‌కు సగం ఇస్తా అని తమ్ముడు అంటే అన్నే వాయిదా వేసుకుంటా వచ్చింటే? ఇట్ల తవ్వితే చాలాసార్లు అరిచే మనిషి పేరు కూడా లెక్కలోకి వస్తుంది.

ఆ మీదట, వాడు వేరే ఏం చేయగలిగుండె అని చూడాల. కరెంటు ఏ టయానికొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలీని కాడ రాత్రంతా చేన్లో కాపలా పండుకోమనడం న్యాయమేనా, ఇంట్లో ముసలమ్మకు బాగలేని రోజు అది కుదురుతుందా. చేయడానికి వీలు లేని పనిని చేయలేదని ఒకర్ని తప్పు పట్టకూడదు. కానీ వీలుండి, చేయి చాపితే అందేదుండి చేయలేదంటే మాత్రం అది వాని లెక్కలోనే రాయాల, పాపం అని వదిలేస్తే అది అన్నకు అన్యాయం.

ఇంకొకటి, జరిగినంక వాడు ఏం చేసినాడు. కాలిన వాసన రాంగానే ఫోన్ చేసినాడా, లేదంటే గమ్మున స్టార్టర్ డబ్బా మూసిపెట్టి పొద్దున ఏం తెలీనట్ల వచ్చినాడా. నా మటుకు నేను దీనికి చాలా వెయిట్ ఇస్తా, ఎందుకంటే మోటరు కాలడం ఒక్క క్షణంలో అయిపోతుంది, దాచిపెట్టడం మాత్రం కూర్చోని ఆలోచించి చేసే పని.

నష్టం ఎంత పెద్దదో చూసి తప్పు కూడా అంతే పెద్దదనుకోవడం అందరికీ ఉండే అలవాటు. స్విట్జర్లాండ్ సైకాలజిస్టు ప్యాజే చిన్నపిల్లలకు రెండు కథలు చెప్పి అడిగేవాడు. ఒక పిల్లోడు తలుపు తీస్తే దాని వెనకాల పెట్టిన 15 కప్పులు పగిలినాయి, వానికి అవి అక్కడున్నట్టే తెలీదు. ఇంకోడు అమ్మ లేనప్పుడు జామ్ దొంగతనంగా తీసుకోబోయి ఒక్క కప్పు పగలగొట్టినాడు. ఎవరిది పెద్ద తప్పు అంటే చిన్న చిన్న పిల్లలు 15 కప్పులు పగలగొట్టినోనిదే అనేవాళ్లు, కొంచెం పెద్దయినంక మనసులో ఏముందో చూడ్డం నేర్చుకుంటారు. పెద్దయినంక నేర్చుకుంటారు సరే, కానీ 40 వేల నష్టం మన నెత్తిన పడంగానే మనం మళ్లా ఆ చిన్నపిల్లల కాడికే పోతాం, అది గుర్తు పెట్టుకోవాల.

దీనికంటే మోసం చేసేది ఫలితం. అనంతపురం వైపు బోరు వేయించేవాళ్లను చూడండి. ఒకే వంక పక్కన, ఒకే రకం నేలలో ఇద్దరు వేయించినారు అనుకుందాం, ఇద్దరూ అప్పు తెచ్చినోళ్లే, ఇద్దరూ టెంకాయ చేతిలో పెట్టుకోని పాయింట్ చెప్పే ఆయన మాట నమ్మినోళ్లే. ఒకనికి నీళ్లు పడినాయి, ఇంకోనికి వెయ్యి అడుగులు పోయినా దుమ్ము తప్ప ఏం రాలే. నీళ్లు పడినోడు ఊర్లో తెలివైనోడు, ధైర్యం ఉండేటోడు అయిపోతాడు, పడనోడు చెప్తే విననోడు, ఇల్లు ముంచినోడు అయితాడు. ఇద్దరూ చేసిన నిర్ణయం మాత్రం ఒకటే. 1988లో బేరన్, హెర్షీ అనేవాళ్లు దీన్నే పరీక్ష చేసినారు, డాక్టరు తీసుకున్న నిర్ణయం అదే, కారణాలు అవే, పేషెంటు బతికినాడని చెప్తే మంచి నిర్ణయం అన్నారు, చనిపోయినాడని చెప్తే అదే నిర్ణయానికి మార్కులు తగ్గించినారు.

కాబట్టి బోరు వేయించినోన్ని తూచాలంటే నీళ్లు పడినాయా లేదా అనేది చేత్తో మూసేసి చూడండి. చుట్టుపక్కల బోర్లు ఎంత లోతులో ఉన్నాయో అడిగినాడా, అవి ఎన్నాళ్లకు ఎండినాయో తెలుసుకున్నాడా, భూగర్భజల శాఖోళ్లను కనుక్కున్నాడా, నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద పర్మిషన్ తీసుకున్నాడా, పడకపోతే అప్పు ఎట్ల కట్టాల అని ఇంట్లో కూర్చోని మాట్లాడినాడా. ఇవన్నీ చేసి పోగొట్టుకున్నోడు తప్పు చేసినోడు కాదు, నష్టపోయినోడు. ఏమీ చేయకుండా నీళ్లు పడినోనికి రేపు ఇంకో బోరు ఉంది, వానికి ఇప్పుడే ఒక మంచి మాట చెప్పాల, కానీ ఎవరూ చెప్పరు, దండలేస్తారు.

చాలామంది చేతులు కలిసిన చోట ఇంకా కష్టం. 2025 అక్టోబర్ 24న తెల్లారకముందే మన కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయినారు, బైకు మీద వచ్చిన పిల్లోడు కూడా పోయినాడు. ఆ పొద్దున టీ అంగళ్లలో ఒకరు డ్రైవర్ అన్నారు, ఒకరు బైకోడు అన్నారు, ఒకరు ఓనర్ అన్నారు, ఒకరు ఆఫీసర్లు అన్నారు, ప్రతి ఒక్కరూ తాము చెప్పిన పేరు నిలబెట్టుకోడానికి మిగతా పేర్లు కొట్టేస్తా వచ్చినారు. ఆ కేసులో ఎవరి తప్పు ఎంత అనేది విచారణలో, కోర్టులో తేలాల, నేను ఇక్కడ తేల్చను. కానీ ఇట్లాంటిదాన్ని ఆలోచించే తీరు చెప్తా. ఒక కాగితం మీద ఒక్కొక్కరికి ఒక్కో గడి గీయండి, నడిపినోడు, బండి ఓనరు, బండికి ఫిట్‌నెస్ ఇచ్చినోళ్లు, రోడ్డు మీద ముందు పోయి కిందపడిన బండి చూసి ఆగకుండా పోయినోళ్లు ఉంటే వాళ్లు. ఒక్కొక్క గడిలో వాని పని ఏంది, చేసినాడా లేదా, అది మాత్రం రాయండి. ఒకని గడి నిండిందని ఇంకోని గడి ఖాళీ కాదు. డ్రైవర్ తప్పు వంద శాతం ఉన్నా ఓనర్ తప్పు కూడా వంద శాతం ఉండొచ్చు, ఇది పొలం పంపకం మాదిరి కాదు, ఒకరికి ఎక్కువ పోతే ఇంకొకరికి తగ్గడానికి.

ఇంట్లో ఇదే లెక్క బాగా పనికొచ్చేది ఇంటర్ చదివే పిల్లోనికి బండి ఇచ్చేటప్పుడు. పిల్లోడు గుద్దితే పిల్లోనిదే తప్పు అని తల్లిదండ్రులు అనుకుంటారు, వానికి రెండు తగిలించి పని అయిపోయిందనుకుంటారు. చట్టం అట్ల అనుకోదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఎ అని ఒక సెక్షన్ చేర్చినారు, మైనర్ బండి నడిపి నేరం చేస్తే గార్డియన్ లేదా బండి ఓనర్‌కు మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పిల్లోనికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. నాకు తెలీకుండా తీసుకుపోయినాడు అని, లేదా పోకుండా ఆపడానికి చేయాల్సిందంతా చేసినా అని నిరూపించుకుంటే తప్ప తప్పించుకోలేరు. తాళంచెవి మేకుకు తగిలించి పెట్టినోడు తెలీదంటే ఎవరు నమ్ముతారు. వయసు సంగతికొస్తే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదు, ఏడు నుంచి పన్నెండు మధ్యలో అయితే చేసే పని ఏందో వానికి అర్థమయ్యే తెలివి ఉండెనా లేదా అని చూస్తారు. ఇంట్లో కూడా ఐదేళ్ల పాపను, పదిహేనేళ్ల కొడుకును ఒకే మాటతో తిట్టకండి, ఇద్దరికీ తెలిసింది ఒకటి కాదు.

ష్యూరిటీ సంతకం కూడా ఇంతే. బామ్మర్ది అడిగినాడు, మొహమాటానికి పెట్టినా, నేను దుడ్డు తిన్నానా అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరే మాట రాసుకోకపోతే, అప్పు తీసుకున్నోని బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యత అంతే. అడిగిన రోజే "నాతో కాదు మామా" అనడం కష్టమే, కానీ సంతకం పెట్టినంక వాడు కట్టకపోతే నేను కట్టాల అనేది ఇంట్లో భార్యకు కూడా ఆ రోజే చెప్పాల.

ఇప్పుడు అసలు కష్టమైంది, మన తప్పుకు మనం నిలబడడం.

ముందుగా, వేరేవాళ్లు చెప్పకముందే మనం చెప్పాల. లేటయ్యే కొద్దీ తప్పు ఒకటి రెండైతుంది, దాచినాడు అనేది కలుస్తుంది. రెండోది, మనిషి ముందుకు పోయి చెప్పాల, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి తప్పుకోవడం వద్దు, అక్కడ ఇరవై మంది చూస్తా ఉంటే ఎదుటోనికి కోపం వచ్చినా చెప్పుకోలేడు, సరేలే అని ఒక దండం బొమ్మ పెట్టి లోపల కుములుతాడు. చెప్పేటప్పుడు చేసిన పని, తెలిసిన సంగతి, చేయబోయేది, మూడూ రావాల. ఆ తమ్ముడు ఇట్ల చెప్పొచ్చు:

"అన్నా, ఆటో స్టార్టర్ ఆఫ్ చేయకుండా నేనే పోయినా. ఫేజ్ సరిగ్గా లేదని లైన్‌మన్ చెప్పినాడు, నాకు తెలుసు. రివైండింగ్ దుడ్డు నేను పెట్టుకుంటా, సగం ఈ వారం, సగం కాయ అమ్మినంక. అంతవరకు నీ కయ్యలకు పక్కోళ్ల బోరు అడిగి నీళ్లు నేనే పెట్టిస్తా."

చూడండి, ఇందులో "కానీ" లేదు. చాలామంది చెప్పేది ఎట్లుంటుందంటే, ఏదో అయిపోయింది లే అన్నా, నష్టం ఇద్దరికీ కదా, కానీ నువ్వు కూడా మొన్న గేట్‌వాల్వ్ తిప్పకుండా పోయింటివి, ఇట్ల. అది క్షమాపణ కాదు, ఇంకో పంచాయితీకి పిలుపు. అన్న పక్క నిజంగానే తప్పుంటే దాన్ని వేరే రోజు, వేరేగా మాట్లాడుకోవాల. మీ కారణాలు కూడా, అమ్మకు బాగలేదు అనేది నిజమే అయినా, అడిగితే చెప్పండి, ముందే చెప్తే సాకు అయిపోతుంది.

ఇంకో మాట, బండితో ఎవరికన్నా తగిలిస్తే ఇంట్లో పంచాయితీ మాదిరి ఆలోచించే టైం ఉండదు, చేయాల్సింది ముందే తెలిసుండాల. దెబ్బ తగిలినోన్ని ఆసుపత్రికి చేర్చడం డ్రైవర్ బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెప్తుంది, జనం మీద పడి కొట్టే పరిస్థితి లాంటివి ఉంటే తప్ప. అక్కడ పోలీసులు లేకపోతే దగ్గరి స్టేషన్లో వీలైనంత తొందరగా, 24 గంటలు దాటకుండా చెప్పాల. 108కి ఫోన్ చేసి, దూరంగా నిలబడి అయినా సరే అంబులెన్స్ వచ్చేదాకా ఉండండి, జనం కొడతారనే భయముంటే నేరుగా స్టేషన్‌కు పోండి. పారిపోయినోడు బతికుండే మనిషిని రోడ్డు మీద చావనిచ్చినోడు అయ్యే ప్రమాదం ఉంది, గుద్దినదానికంటే అది చాలా పెద్దది. దారిన పోతా సాయం చేసేవాళ్లు భయపడొద్దు, 134ఎ సెక్షన్ వాళ్లను కాపాడడానికే పెట్టినారు.

నాది కాని తప్పును నెత్తిన వేసుకోవడం గురించి కూడా చెప్పాల, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మన ఇళ్లల్లో ఏది జరిగినా కోడలి మీదికి పోతుంది. పిల్లోనికి మార్కులు రాలేదు, మొగుడు తాగొచ్చినాడు, ఎద్దు చచ్చిపోయింది, అన్నిటికీ ఆమె అడుగు పెట్టిన వేళే కారణం. అప్పుల్లో మునిగి రైతు ప్రాణం తీసుకుంటే చావుకు వచ్చినోళ్లలోనే ఎవరో ఒకరు, ఆమె సరిగ్గా ఉండింటే వానికి ఈ గతి పట్టేది కాదు అంటారు. అప్పు ఎంతుందో, ఎవరి దగ్గర తెచ్చినాడో ఆమెకు చాలాసార్లు తెలిసే ఉండదు, పంట పోయింది వానల్లేక, ధర లేక. మరి ఎందుకు అంటారు? 1966లో మెల్విన్ లెర్నర్, సిమ్మన్స్ అనేవాళ్లు చేసిన ఒక పరీక్ష ఉంది, ఒకామెకు కరెంటు షాకులు ఇస్తున్నట్టు చూపించినారు, నిజంగా ఇయ్యలేదు గానీ చూసేవాళ్లకు తెలీదు. ఆపడానికి తమ చేతిలో ఏం లేదని, ఆమె ఇంకా బాధ పడుతుందని తెలిసినప్పుడు చూసేవాళ్లు ఆమెనే తక్కువ చేసి మాట్లాడినారు. ఏ తప్పూ చేయకుండా ఇంత కష్టం వస్తుందంటే మనకూ రావొచ్చు గదా, ఆ భయాన్ని తట్టుకోలేక ఆమెలోనే ఏదో తప్పు వెతుకుతాం.

కాబట్టి మీ మీద ఒక తప్పు పడినప్పుడు పైన తమ్మునికి వేసిన ప్రశ్నలే మీకు మీరు వేసుకోండి. నాకు తెలుసా, నా చేతిలో ఉండెనా, వేరే దారి ఉండెనా. మూడింటికీ లేదు అని వస్తే అది మీది కాదు, "నాకు తెలీదు, తెలిసుంటే ఊరుకునే దాన్ని కాదు" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి, నమ్మకపోతే నమ్మకపోనీ. ఇంట్లో అమ్మనో, వదిననో, చెల్లెలినో అట్ల అంటా ఉంటే పక్కన కూర్చున్న మీరు నోరు తెరవాల, ఆ టయానికి గమ్మునున్నోళ్ల గడి కూడా ఖాళీగా ఉండదు.

ఇక ఎదుటోడు వచ్చి తప్పు నాదే అన్నప్పుడు మీరు ఏం చేయాల. నేను ముందే చెప్పలేదా అనొద్దు, అది వాడు మళ్లా జన్మలో ఒప్పుకోకుండా చేసే మాట. విన్నంక ఒప్పుకున్నందుకు ఒక మంచి మాట అని, దుడ్డు సంగతి ఆ పూటే తేల్చుకోండి, ఎంత, ఎప్పుడు, కాయ ధర పడిపోతే ఎట్ల. ఒక నోటుబుక్కులో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి, అన్నదమ్ములే అయినా రాసుకోవడంలో సిగ్గు లేదు, రాయకపోతేనే రెండేళ్లకు ఒకరి లెక్క ఒకటి, ఇంకొకరి లెక్క ఇంకొకటి అయితుంది. ప్రివెంటర్‌కు చెరి సగం అని కూడా దాంట్లోనే రాసేయండి. దుడ్డు ముట్టినంక ఆ పేజీ మీద చెల్లు అని రాసి, ఆ తర్వాత పెండ్లిలో గానీ తిథి కాడ గానీ ఎవరన్నా ఆ మోటరు ముచ్చట ఎత్తితే, అది తీరిపోయింది చిన్నాయనా, వాడు కట్టేసినాడు అని అన్నే చెప్పాల, తమ్ముని చేత చెప్పించకూడదు.